హెల్మెట్లు పెట్టుకున్న పరుగుపందెం

దోహాలో రోడ్లకు కాళ్ళున్న రోజులవి. రాత్రి పడుకునేటప్పుడు మా సందు చివర బుద్ధిగా ఉన్న రోడ్డు తెల్లారేసరికి ఎటో వెళ్ళిపోయేది. దాని స్థానంలో ఒక గొయ్యి, గొయ్యి చుట్టూ ఎరుపూ తెలుపూ ప్లాస్టిక్ అడ్డుకట్టలు, ముందొక పసుపుపచ్చ బోర్డు, దాని మీద నల్ల బాణం. ప్రపంచకప్పు వస్తోందంటే ఫుట్‌బాల్ ఆడతారు కాబోలు అనుకున్నాను గానీ, అంతకు ముందు ఏళ్ళ తరబడి ఊరంతా తవ్విపోస్తారని నాకెవరూ చెప్పలేదు. ముషైరిబ్ దగ్గర మెట్రో కోసం తవ్విన గొయ్యి చూసినప్పుడల్లా మా అక్క "ఇందులో పదోవంతు తవ్వినా మన చేలో నీళ్ళు పడేవే" అని నిట్టూర్చేది. ఆ రోజుల్లో మేమంతా బోర్డు మీద బాణం ఎటు చూపిస్తే అటు పోవడానికి అలవాటు పడిపోయాం. ఎందుకని గానీ, ఎక్కడికని గానీ అడిగేవాళ్ళం కాదు. నేను చెప్పబోయే గొడవంతా ఆ అలవాటులోంచి పుట్టిందే.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. ఒంగోలు పక్క పల్లెలో పుట్టి, ఆటల టీచరు శిక్షణ పూర్తిచేసి, అల్ మన్సూరాలో ఉండే అక్కాబావల దగ్గరికి ఊరికే చూసిపోదామని వచ్చి, అక్కడో భారతీయ పాఠశాలలో రెండో ఆటల టీచరుగా కుదురుకున్నాను. మొదటి ఆటల టీచరు కేరళ పెద్దమనిషి. మోకాలి నొప్పి వల్ల ఆయన పరిగెత్తరు, నడవరు, వీలైతే నిలబడరు కూడా. కుర్చీలో కూర్చుని విజిల్ ఊదుతారు. అందుకే పిల్లలందరికీ ఆయన విజిల్ మాస్టారు. (విజిల్ మాత్రం అద్భుతంగా ఊదేవారు. పక్క వీధిలో కార్లు ఆగేవి.) మా ఇద్దరి మీదా వైస్ ప్రిన్సిపల్ మేడమ్. పుణే ఆవిడ. చీర కొంగు బొడ్డులో దోపిందంటే ఆ రోజు ఏదో ఒకటి జరిగి తీరాల్సిందే. ఆవిడకున్న కోరికల్లా ఒక్కటే. మా బళ్ళో ఆడపిల్లలు బస్సులు నిలిపే చోట, రెండు బస్సుల మధ్య సందులో వాలీబాల్ ఆడుకునేవాళ్ళు. బంతి బస్సు కిందికి పోతే ఆట ఆగిపోయేది. ఆ పిల్లలు ఒక్కసారైనా గేటు దాటి వేరే బడి పిల్లలతో ఆడాలి. ఊళ్ళోని కొన్ని బళ్ళు కలిసి పెట్టుకున్న ఆటల లీగ్‌లో మా బడినీ చేర్చుకోమని ఏళ్ళుగా వాళ్ళ వెంట పడి పడి, చివరికి ఒక ఏడాది పరీక్షగా చేర్చుకుంటామనే మాట సంపాదించింది. లీగ్ సమావేశానికి వెళ్ళమంటే విజిల్ మాస్టారు మోకాలు చూపించారు. నన్ను పంపారు.

ఆటల పోటీలు ఎలా పెడతారో నాకు తెలియనిదేమీ కాదు. మా వైపు మండల పోటీలంటే ముగ్గురు మాస్టార్లు చెట్టు కింద నిలబడి, సున్నంతో గీత గీసి, మైకులో "హలో హలో" అని పొద్దున్నుంచీ అంటూ ఉంటారు. ఆ హలోలు అయ్యేసరికి పోటీలు కూడా అయిపోతాయి. ఇక్కడ చూస్తే నున్నటి బల్ల చుట్టూ కుర్చీలు, మనిషికో నీళ్ళ సీసా, బల్ల ఆ చివర ఆరడుగుల ఇంగ్లీషు పెద్దమనిషి. ఆయన ఒక ఇంగ్లీషు బడికి ఆటల అధిపతి, లీగ్‌కి అధ్యక్షుడు. చేతిలో లావుపాటి నిబంధనల పుస్తకం. ఎవరేం అడిగినా "క్లాజు పదకొండు ప్రకారం..." అని మొదలుపెట్టేవాడు. నేను మనసులో క్లాజు దొర అని పేరు పెట్టేసుకున్నాను.

దొర నాకు ఓపిగ్గా అంతా చెప్పాడు. పాత సభ్యులు ఏడు బళ్ళు, మాతో కలిపితే ఎనిమిది. పిల్లల సంఖ్యను బట్టి పెద్ద బళ్ళదొక విభాగం, చిన్న బళ్ళదొక విభాగం. ఏడాదికి మూడు ఆటల కాలాలు, ఒక్కో కాలానికి కొన్ని ఆటలు. (ఖతార్‌లో ఉన్నవి రెండే కాలాలు: ఎండాకాలం, మరీ ఎండాకాలం. మూడోది దొర కనిపెట్టాడు.) ప్రతి బడీ మిగిలినవాటితో ఒకసారి తన ఇంట్లో, ఒకసారి వాళ్ళింట్లో ఆడాలి. పాయింట్లన్నీ ఏడాది చివర కూడి పెద్ద షీల్డు ఇస్తారు. ఏ గొడవ వచ్చినా బడికొక ఓటు. ప్రతి ఆటకీ చివర్లో ఒక ఛాంపియన్‌షిప్ ఉంటుంది, దాన్ని వంతులవారీగా ఒక్కో బడి నడిపించాలి. అంతవరకూ బాగానే అర్థమైంది. తర్వాత దొర కళ్ళజోడు సర్దుకుని అసలు సంగతి చెప్పాడు: పరీక్షలో ఉన్న బడికి ఓటుండదు. అది ఒక ఛాంపియన్‌షిప్ నడిపించాలి, అందులో తన జట్టును పూర్తిగా దించాలి, పోటీ పూర్తి కావాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా సభ్యత్వం లేదు.

"ఏ ఆట?" అన్నాను.

"క్రాస్ కంట్రీ," అన్నాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా నీళ్ళు తాగారు. అప్పుడే నాకు అనుమానం రావలసింది. క్రాస్ కంట్రీ అంటే మైదానంలో గుండ్రంగా కాకుండా ఆరుబయట దారులు పట్టి కిలోమీటర్ల కొద్దీ పరిగెత్తడం. (మా ఊళ్ళో గేదె తాడు తెంపుకున్నప్పుడు అందరం చేసేది అదే. కాకపోతే పతకాలిచ్చేవారు కాదు.) దారి వెతకాలి, బాణాలు పెట్టాలి, మలుపు మలుపుకీ మనిషిని పెట్టాలి కాబట్టి ఆ వంతు ఎవరికీ వద్దు. కొత్తకోడలికి గిన్నెలన్నీ తోమమని ఇచ్చినట్టు మాకు ఇచ్చారు. మేడమ్ మాత్రం సంబరపడిపోయింది. "ఇది బాగా జరిగితే మనం లీగ్‌లో ఉంటాం, నువ్వు ఉద్యోగంలో ఉంటావు," అంది. జరగకపోతే ఏమవుతుందో చెప్పలేదు. కొంగు మాత్రం దోపుకుంది.

జట్టు పూర్తిగా దించడమే పెద్ద పనైపోయింది. సీనియర్ అమ్మాయిల జట్టుకి అయిదుగురు కావాలి. నలుగురు దొరికారు. అయిదో పిల్ల కోసం బడంతా గాలిస్తే చివరికి మా నిదానం ఒక్కతే మిగిలింది. పదో తరగతి పిల్ల, ఫరీజ్ బిన్ మహమూద్‌లో ఉండే కర్నూలు వాళ్ళ అమ్మాయి. బస్సు ఆగితే అందరూ దిగి, క్లాసుకు వెళ్ళి, హాజరు పలికాక ఈ పిల్ల బస్సు రెండో మెట్టు మీద ఉండేది. ఆ పేరు తనకు తనే పెట్టుకుంది. ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే పలకడానికి కూడా తొందరపడేది కాదు.

"నేను పరిగెత్తితే నా నీడ నన్ను దాటిపోతుంది మిస్," అంది.

"నువ్వు గెలవక్కర్లేదమ్మా. మొదలుపెట్టి, చివరిదాకా వస్తే చాలు."

కాసేపు ఆలోచించింది. "ఎంతసేపట్లో రావాలో రూలుందా?"

"లేదు."

"ఐతే వస్తాను. తర్వాత సమోసాలుంటాయిగా?"

ఊరి బయట సగం కట్టి వదిలేసిన పార్కొకటి ఉండేది. చెట్లు నాటారు గానీ అవింకా కర్రల్లాగే ఉన్నాయి. మట్టిదారులు మాత్రం చక్కగా ఉన్నాయి. దాని కంచె అవతలే ఒక తాత్కాలికపు రోడ్డు, ఆ రోడ్డు చివర ప్రపంచకప్పు కోసం కడుతున్న స్టేడియం. దారి ఖాయమైంది. ఇక బాణాలు. అట్టముక్కల మీద రంగుతో గీస్తే గాలికి కొట్టుకుపోయాయి. మా బావ రోడ్లు వేసే కంపెనీలో ఇంజినీరు. అన్నం తింటూ నా ఏడుపు విని, "ఓస్, ఇంతేనా మరదలా! మా యార్డులో పాత మళ్లింపు బోర్డులు బోలెడు పడున్నాయి. ఇనప కాళ్ళతో సహా. తుపానొచ్చినా కదలవు. నాలుగు పట్టుకెళ్ళు," అన్నాడు. అక్క ఎందుకో "అవెందుకండీ, దానికి అసలే ఎడమా కుడీ తెలియవు," అంది. (అక్క మాట ఎప్పుడు విన్నాం గనక!)

బోర్డుల్ని మా బస్సు డ్రైవరు అన్న, నేను కలిసి పార్కులో పెట్టాం. ఆయనది జగిత్యాల దగ్గర పల్లె. ఏ మాటైనా 'యల్లా' (అరబ్బీలో 'పద పద' అని) అనే మొదలుపెడతాడు కాబట్టి బడంతటికీ యల్లా అన్న. పార్కుకు చేరేసరికే మూడుచోట్ల దారి మళ్ళించారు. "నిన్న గీడ రోడ్డుండె మేడం, ఇయ్యాల గుంతున్నది. యల్లా, గుంతల నుంచి వోదామా?" అని అడిగాడు. అది పరిహాసమో నిజమో ఇప్పటికీ నాకు తెలియదు. కంచె మూలన పెద్ద మలుపొకటుంది. అక్కడ ఎడమకు తిరిగితే కంచె వెంబడే గమ్యానికి దారి. కుడివైపు కంచెలో లారీలు దూరేంత ఖాళీ, అది దాటితే ఆ తాత్కాలికపు రోడ్డు. అందుకని ఆ మూలన అన్నిటికంటే పెద్ద బోర్డు పెట్టాం, బాణం ఎడమకు. ఆ మలుపు దగ్గర ఉండే పని విజిల్ మాస్టారిది. నడవక్కర్లేదు, కుర్చీ వేస్తాం, బాణం చూసి చెయ్యి చూపిస్తూ విజిల్ ఊదితే చాలు.

శనివారం పొద్దున్న ఎనిమిది బళ్ళూ దిగాయి. అక్కడివాళ్ళు చలికాలం అనుకునే రోజులు కాబట్టి ఎండ చురుక్కుమనడం లేదు గానీ సన్నటి ఇసుకగాలి. చిన్నపిల్లల పందేలు లోపలి చిన్న దారిలోనే హాయిగా జరిగిపోయాయి. క్లాజు దొర పుస్తకంలో టిక్కులు పెట్టుకుంటూ నావైపు చూసి తలాడించాడు. మేడమ్ కొంగు వదులైంది. ఇక మిగిలింది పెద్ద దారిలో సీనియర్ అమ్మాయిల పరుగొక్కటే. అందరూ ఎదురుచూసేది అదే, ఎందుకంటే దొర బళ్ళో ఒక పిల్ల ఉంది, చిరుత అనేవాళ్ళం. కాళ్ళు నేలకు తగిలేవా అన్నట్టుండేది.

ఈలోగా కంచె మూలన ఏం జరిగిందో మాకు తర్వాత తెలిసింది. విజిల్ మాస్టారు ఇంకా టీ దగ్గరే ఉండగా, తాత్కాలికపు రోడ్డు మీద పికప్‌లో పోతున్న రోడ్డు పనివాళ్ళ ఫోర్‌మన్ ఒకడు మా బోర్డు చూశాడు. చూస్తే అసలైన మళ్లింపు బోర్డు. బాణమేమో రోడ్డును వదిలేసి పార్కులోకి చూపిస్తోంది. ఎవడో తలమాసినవాడు తిప్పేశాడనుకుని, దిగి, పాపం ఎంతో బాధ్యతగా దాన్ని కుడివైపుకు తిప్పి, కాళ్ళకింద రాళ్ళు కూడా పెట్టి వెళ్ళాడు. తర్వాత విజిల్ మాస్టారొచ్చి కుర్చీలో కూర్చున్నారు. మోకాలి పుణ్యమా అని ఆయన దారంతా ఒక్కసారి కూడా నడిచి చూడలేదు. బాణం కుడికుంది. అమ్మాయిలొచ్చారు. ఆయన కుడికి చెయ్యి చూపించి, కార్లాగిపోయే ఆ విజిల్ ఊదారు. దోహాలో పెరిగిన పిల్లలు, పసుపు బోర్డు చూస్తే వాళ్ళ కాళ్ళు వాటంతటవే తిరుగుతాయి. చిరుత ముందు, మందంతా వెనక, కంచె దాటి రోడ్డెక్కి మాయమైపోయారు.

కొంచెం దూరాన బస్సు దగ్గర టీ తాగుతున్న యల్లా అన్న ఇది చూసి, గ్లాసు పారేసి, పరిగెత్తుకొచ్చి "ఓ పిల్లలూ, ఆగుండ్రి! అటు గాదు!" అని అరిచాడట. ఎవరో ఉత్సాహపరుస్తున్నారనుకుని పిల్లలు ఇంకా వేగం పెంచారు. అన్న వచ్చి బోర్డును ఎడమకు తిప్పబోతే విజిల్ మాస్టారు పట్టుకున్నారు, పోటీ మధ్యలో గుర్తులు ముట్టుకోవడం నేరమని. అన్న తెలుగులోనూ ఆయన మలయాళంలోనూ మొదలుపెట్టి, కోపం ముదిరాక ఇద్దరూ హిందీలోకి వచ్చారు. చివరికి అన్నే గెలిచి, బోర్డు తిప్పేసి, పిల్లల్ని పట్టుకురావడానికి బస్సు తీసుకుని పోయాడు. ఇదంతా అయ్యి, దుమ్ము అణిగి, విజిల్ మాస్టారు మళ్ళీ కుర్చీలో స్థిరపడ్డాక, మెల్లగా, చుట్టూ కర్రల్లాంటి చెట్లను చూసుకుంటూ మా నిదానం వచ్చింది. బాణం ఎడమకుంది. అటు తిరిగింది.

గమ్యం దగ్గర మేమంతా గొంతులు సవరించుకుని నిలబడ్డాం. ఈపాటికి చిరుత కనబడాలి. కనబడలేదు. రిబ్బను పట్టుకున్న పిల్లలు చేతులు మార్చుకున్నారు. దొర గడియారం చూసుకుని, దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. తల్లిదండ్రులు గుసగుసలు మొదలుపెట్టారు. మేడమ్ నా దగ్గరకొచ్చి, పెదాలు కదలకుండా, "పిల్లలేరీ?" అంది. ఊళ్ళో ఉన్న మంచి మంచి పరుగుపిల్లలందరినీ ఎనిమిది బళ్ళు నమ్మి నా చేతికిస్తే, నేను అందరినీ ఒకేసారి పోగొట్టాను. ఒంగోలు విమానం టిక్కెట్టు ఎంతుంటుందో అని ఆలోచన వచ్చింది. (ఒంగోలుకు విమానం లేదన్న సంగతి కూడా తోచలేదు.)

అప్పుడు ఇసుకగాలిలోంచి ఒకే ఒక్క ఆకారం తేలింది. వస్తోంది గానీ దగ్గరకు రావడం లేదు. ఆ తీరు చూసే గుర్తుపట్టాను. ఎర్రబడ్డ మొహంతో, ఒక లేసు ఊడిపోయి, నిదానం వచ్చి రిబ్బనుకు గుద్దుకుని ఆగింది. ఆ పిల్లకు రిబ్బను ఎందుకుందో అర్థంకాలేదు. వెనక్కీ పక్కలకీ చూసింది. పరిగెత్తినవాళ్ళు ఒక్కరూ లేరు.

"సారీ మిస్," అని భోరుమంది. "చాలా లేటైపోయిందా? అందరూ ఇళ్ళకు వెళ్ళిపోయారా?"

దగ్గరకు తీసుకుని, "లేదమ్మా, నువ్వే... నువ్వే ముందొచ్చావు," అన్నాను. తనను ఓదార్చడానికి అబద్ధం చెబుతున్నాననుకుని ఇంకా గట్టిగా ఏడ్చింది. అంతలో నా ఫోను మోగింది.

"హలో మేడం, పిల్లలు దొరికిన్రు," అన్నాడు యల్లా అన్న.

"బతికించావన్నా! ఎక్కడున్నారు?"

"స్టేడియంల."

"ఏ స్టేడియంలో?"

"గిదే, కడుతున్నరు గదా, గండ్లనే. కుర్చీలల్ల కూసున్నరు. అందరు హెల్మెట్లు పెట్టుకున్నరు."

"హెల్మెట్లేంటన్నా?"

"పచ్చ జాకెట్లు గూడ ఏసుకున్నరు మేడం. మంచిగ కనవడుతున్నయి. జ్యూసులిచ్చిన్రు." జుర్రున పీల్చిన చప్పుడయ్యాక, "నాక్కూడ ఒకటిచ్చిన్రు," అన్నాడు.

నేనూ దొరా ఆయన కారులోనే బయల్దేరాం. దారంతా పుస్తకం ఆయన ఒళ్ళోనే ఉంది. స్టేడియం గేటు లోపల, పెద్ద క్రేన్ల నీడలో, వరుసగా వేసిన ప్లాస్టిక్ కుర్చీల్లో ఎనిమిది బళ్ళ అమ్మాయిలు, చిట్టి నిక్కర్ల పైన మోకాళ్ళ దాకా వేలాడే జాకెట్లు, తలల మీద తెల్ల హెల్మెట్లతో కూర్చుని ఉన్నారు. సంగతేమిటంటే, ఆ పూట ఏదో బడి పిల్లలు స్టేడియం చూడ్డానికి రావలసి ఉంది. గేటు దగ్గరి వాళ్ళు పొద్దుటినుంచీ కళ్ళు కాయలు కాసేలా చూస్తున్నారు. పిల్లలొచ్చారు. ఇంకేం కావాలి? ఆగమనేలోపు తలలకు హెల్మెట్లు తగిలించి కూర్చోబెట్టారు. మన పిల్లలేమో, ఇది కూడా పరుగులో ఒక భాగమనుకున్నారు! ముందు కూర్చున్నవాళ్ళకు ముందు వదులుతారేమోనని కొందరు మొదటి వరుస కుర్చీల కోసం తోసుకున్నారు కూడా.

నన్ను చూసి ఒక పనివాడు దగ్గరికొచ్చాడు. "మీరు తెలుగోళ్ళా మేడం? మాది నిజామాబాద్ దిక్కు. స్కూల్ పిల్లలొస్తున్నరు, అంత సాఫ్ జేయుండ్రని మా సూపర్‌వైజర్ పొద్దుగాల సంది పానం దీసిండు. ఏడుంటరో అని జూస్తుంటె, ఉరుక్కుంట వచ్చిన్రు. అబ్బ, స్టేడియం జూడనీకె ఎంత ఆత్రమున్నదో అనుకున్నం!" అన్నాడు. ఆయన మొహంలో అంత సంతోషం చూసి, వీళ్ళు దారితప్పి వచ్చారని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

సేఫ్టీ ఆఫీసరు మాత్రం ఉపన్యాసం పూర్తికాకుండా ఒక్కరినీ కదలనివ్వనన్నాడు. లోపలికి వచ్చినవాళ్ళు జాగ్రత్తలు వినాల్సిందే, అది రూలు. దొరకు మొదటిసారి తనకు సరిజోడు మనిషి దొరికాడు. రూలు అనే మాట వినగానే ఆయన కూడా టోపీ తీసి, హెల్మెట్ పెట్టుకుని, వెనక వరుసలో కూర్చుండిపోయాడు. నేనూ కూర్చున్నాను. "క్రేన్ కింద నిలబడవచ్చా?" అని ఆఫీసరు అడిగితే, "నో సార్!" అని అందరితోపాటు మేమూ అరిచాం. బయటికొస్తుంటే గేటు దగ్గర అసలు రావలసిన బడి పిల్లలు రెండు బస్సుల్లో దిగారు. గేటువాడు చెయ్యి అడ్డంపెట్టి, "మాఫీ, మాఫీ! స్కూల్ ఖలాస్!" అని, అంటే ఇక లేదు, బడి పిల్లల పని అయిపోయిందని, వాళ్ళను వెనక్కి పంపిస్తున్నాడు. మేము తల వంచుకుని పిల్లల్ని బస్సెక్కించేశాం.

పార్కుకు రాగానే డేరా కింద లీగ్ సమావేశం కూర్చుంది. ఏడు బళ్ళ ఆటల టీచర్లు, మధ్యలో దొర. ఓటు లేదు కాబట్టి నేనూ మేడమూ డేరా గుంజ పక్కన నిలబడ్డాం. ఒకాయన పోటీ రద్దు చేయాలన్నాడు. ఒకావిడ చిరుతకిచ్చేయమంది. ఇంకొకాయన హెల్మెట్ అందరికంటే ముందు ఎవరు పెట్టుకున్నారో కనుక్కుని వాళ్ళకివ్వాలన్నాడు. దొర పుస్తకం తిరగేశాడు. మలుపు దగ్గర దారితప్పితే ఏం చెయ్యాలో ఉంది, కుక్క అడ్డొస్తే ఏం చెయ్యాలో ఉంది. పరుగు మధ్యలో కుర్చీలో కూర్చోబెట్టి జ్యూసిస్తే ఏం చెయ్యాలో ఎక్కడా లేదు. చివరికి ఒక క్లాజు దొరికింది: గుర్తులు పెట్టిన దారి మొత్తం తన కాళ్ళ మీద పరిగెత్తి గమ్యం చేరినవాళ్ళే లెక్క, ఒక్కరు చేరినా పోటీ పూర్తయినట్టే. అలా చేరింది ఎవరు? సమోసా తింటున్న మా నిదానం.

అంటే నిదానం గెలిచిందంటే పోటీ పూర్తి, మేము లీగ్‌లో సభ్యులం. రద్దంటే బస్సుల మధ్య సందే గతి. ఓట్లు వేశారు. ముగ్గురు రద్దన్నారు, ముగ్గురు చెల్లుతుందన్నారు. మిగిలింది దొర ఓటు. రద్దు చేసి ఇంకో బడి చేత ఇంకో రోజు పెట్టిస్తే గెలిచేది ఆయన బడి పిల్లే, అది అక్కడున్న అందరికీ తెలుసు. ఆయన పుస్తకం మూసి, చిరుతను పిలిచాడు.

"నువ్వేమంటావు?"

చిరుత ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఆమె పరిగెత్తింది సార్. నేను కుర్చీలో కూర్చుని మామిడి జ్యూస్ తాగాను."

దొర చెయ్యెత్తాడు. "చెల్లుతుంది," అన్నాడు. మేడమ్ అందరి ముందూ నన్ను గట్టిగా పట్టుకుంది. విజిల్ మాస్టారు, ఎవరూ అడక్కపోయినా, లేచి నిలబడి మరీ విజిల్ ఊదారు. (నిలబడటం నేను చూసింది అదే మొదటిసారి.) సాయంత్రానికి కబురు మన్సూరా అంతా పాకింది. 'నిదానమే ప్రధానం' అని నాతో అనని తెలుగువాడు ఆ వారం దోహాలో మిగల్లేదు. మా బావైతే తనే ఆ సామెత కట్టినట్టు ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. ఏడాది చివర లీగ్ పుస్తకంలో కొత్త క్లాజొకటి చేరింది: పోటీ దారుల్లో నిజమైన రోడ్డు బోర్డులు వాడరాదు. నాకు తెలిసి నావల్ల ప్రపంచంలో రాయబడిన చట్టం అదొక్కటే.

కానీ ఆ రోజు ఇంకొక్కటి మిగిలింది, పతకం. మూడు మెట్ల చెక్క పీఠం తెచ్చారు. నిదానం పై మెట్టెక్కింది, పతకం వేశారు, ఫొటో తీయబోతున్నారు. ఆ పిల్ల ఇటూ అటూ ఖాళీగా ఉన్న మెట్లను చూసి, "వద్దు సార్, ఆగండి," అంది. "ఒక్కదాన్నే ఉంటే మా అమ్మ నమ్మదు. ఎవరైనా ఓడిపోయినట్టు నిలబడండి."

ఎవరు నిలబడతారు? బస్సెక్కిన పిల్లలంతా క్లాజు ప్రకారం పోటీలో లేనట్టే. దొర అటు తిరిగి నవ్వుకుంటున్నాడు. "యల్లా, దానికేముంది!" అని యల్లా అన్న చొక్కా సర్దుకుని రెండో మెట్టెక్కేశాడు. మూడోదాని మీదికి నన్ను తోశారు.

ఆ ఫొటో ఒక్కొక్కరి ఇంటికీ ఒక్కో రకంగా చేరింది. జగిత్యాల పక్క పల్లెలో, దుబాయ్‌లో జరిగిన పరుగుపందెంలో అన్నకు రెండో బహుమతి వచ్చిందని (అక్కడివాళ్ళకు గల్ఫంతా దుబాయే) ఆయన భార్య వీధంతా చూపించిందట. "మరి నిజం చెప్పలేదా అన్నా?" అంటే, "ఎందుకు మేడం, ఆమె శానా రోజులకు నవ్వింది," అన్నాడు. నేను దోహా వదిలి వచ్చి, పెళ్ళయి, ఈ ఊళ్ళో స్థిరపడి చాలా కాలమైంది. స్కూల్లో, కాలేజీలో ఎన్ని పోటీల్లో దిగినా పతకాల పీఠం ఎక్కింది ఆ ఒక్కసారే. హాల్లో గోడ మీద ఆ ఫొటో చూసిన మా అత్తగారు, వచ్చినవాళ్ళందరికీ "మా కోడలు ఖతార్‌లో మూడోది వచ్చింది. ఇంతకీ ఆ రెండో ఆయన అంత పొట్టతో ఎలా పరిగెత్తాడో!" అని చెబుతూ ఉంటారు. నేను లోపల టీ పెడుతూ వింటుంటాను. అప్పుడప్పుడు వెళ్ళి, ఆ ఫొటోలో మూడో మెట్టు మీద, జుట్టునిండా ఇసుకతో, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక బిక్కమొహం వేసుకుని నిలబడ్డ ఆ ఇరవై మూడేళ్ళ పిల్లను చూస్తాను. నిజంగానే ఏదో గెలిచినదానిలాగే కనిపిస్తుంది.